ధవళేశ్వరం హెచ్చరిక అంకె ఎన్ని ఫైళ్లలో ఉండాలి? పైథాన్‌లో స్థిరాంకాలు, వేరియబుల్స్ పంచుకునే పద్ధతి ఇదీ

గోదావరికి వరద వచ్చిందంటే కోనసీమ లంకల నుంచి రాజమండ్రి దాకా అందరి నోటా వినిపించే అంకెలు మూడే. ధవళేశ్వరం కాటన్ బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక. 13.75 అడుగులకు రెండోది. 17.75 అడుగులకు మూడోది. ప్రవాహం లెక్కలో చెప్పాలంటే ఇవి 10 లక్షలు, 13 లక్షలు, 17 లక్షల క్యూసెక్కులు.

ఈ అంకెలు ఇప్పుడు బోర్డు మీదా, పేపర్లోనే కాదు, కంప్యూటర్ ప్రోగ్రాముల్లో కూడా ఉంటున్నాయి. వెబ్‌సైట్‌లో వరద పట్టిక ఒక స్క్రిప్ట్ తయారు చేస్తుంది. టీవీ స్క్రోలింగ్‌కు లైను ఇంకో స్క్రిప్ట్ పంపుతుంది. ఫోన్లకు అలర్ట్ మూడోది కొడుతుంది. మూడింటికీ కావాల్సింది అదే 11.75. మరి ఆ అంకెను మూడు చోట్లా టైప్ చేయాలా, ఒక్కచోట రాసి మూడింటికీ పంచాలా? నీటిమట్టం లాగా గంటగంటకూ మారే అంకె సంగతేంటి? ఇంజినీరింగ్ ఫస్టియర్ విద్యార్థి నుంచి ఆఫీసులో చిన్న స్క్రిప్ట్‌లు రాసుకునే ఉద్యోగి వరకు అందరికీ ఎదురయ్యే ప్రశ్న ఇది. పైథాన్ భాషలో దీనికి జవాబేంటో ఒక్కొక్కటిగా చూద్దాం.

అంకెను ప్రతి ఫైల్‌లో రాస్తే ఏమవుతుంది?

మొదట్లో ఏమీ కాదు. మూడు ఫైళ్లలో మూడుసార్లు 11.75 అని కొడితే మూడూ బాగానే పనిచేస్తాయి. తేడా వచ్చేది తర్వాతే. ఎవరో ఒక ఫైల్‌లో 11.75 బదులు 11.57 అని కొడతారు. ఇంకో ఫైల్‌లో నీటిమట్టం 11.75 కంటే ఎక్కువైతేనే హెచ్చరిక అని రాస్తారు, మూడో ఫైల్‌లో సమానమైనా సరే అని రాస్తారు. గోదావరి సరిగ్గా 11.75 దగ్గర నిలబడిన గంటలో వెబ్‌సైట్ హెచ్చరిక ఉందంటుంది, స్క్రోలింగ్ లేదంటుంది.

లంకలో ఉన్న మనిషికి ఇది చిన్న తేడా కాదు. పశువులను గట్టు మీదకు తోలాలా వద్దా, పడవ తిరుగుతుందా లేదా అన్న నిర్ణయాలు ఆ హెచ్చరిక చుట్టూనే ఉంటాయి. రెండు చోట్ల రెండు మాటలు చూసిన వాళ్లు తర్వాతసారి రెండింటినీ నమ్మరు.

అందుకే ప్రోగ్రామర్లు పాటించే సూత్రం ఒకటే. ఒక విషయం ఒక్కచోటే రాయాలి, మిగతా ఫైళ్లన్నీ అక్కడి నుంచే తీసుకోవాలి. ధవళేశ్వరంలో ఒక్క బ్యారేజీ దగ్గర ఆపిన నీరే తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాల కాలువలకు వెళ్తుంది కదా. ఇదీ అలాంటిదే.

స్థిరాంకం ఏది? వేరియబుల్ ఏది?

పంచుకునే ముందు రెండు రకాలను విడగొట్టుకోవాలి. ప్రోగ్రామ్ నడుస్తున్నంతసేపూ మారనిది స్థిరాంకం, అంటే కాన్‌స్టెంట్. హెచ్చరిక మట్టాలు, అడుగుకు 0.3048 మీటర్లు అన్న లెక్క, బ్యారేజీ గేట్ల సంఖ్య ఈ కోవలోకి వస్తాయి. నడుస్తుండగా మారేది వేరియబుల్. ఈ గంట నీటిమట్టం, దిగువకు వదులుతున్న ప్రవాహం, ప్రస్తుతం ఏ హెచ్చరిక అమల్లో ఉందన్నది ఇందులోకి వస్తాయి.

ఈ రెండింటినీ పంచే దారులు వేరు. స్థిరాంకాలను ఒక ఫైల్‌లో పెట్టి ఇంపోర్ట్ చేసుకుంటే సరిపోతుంది. గంటగంటకూ మారే వేరియబుల్‌కు ఆ దారి పనికిరాదు. చాలామంది ఇరుక్కుపోయేది ఇక్కడే.

స్థిరాంకాల ఫైల్ ఇలా

పైథాన్‌లో ప్రతి ఫైల్ ఒక మాడ్యూల్. ఒక ఫైల్‌లో రాసిన పేర్లను ఇంకో ఫైల్ ఇంపోర్ట్ అనే మాటతో తెచ్చుకోవచ్చు. పైథాన్ 3లో వేరియబుల్ పేర్లు తెలుగు లిపిలోనూ పెట్టుకోవచ్చు. కాబట్టి ‘హద్దులు’ అనే ఫైల్‌లో ఈ కింది లైన్లను ఇలాగే రాసినా ప్రోగ్రామ్ నడుస్తుంది:

ధవళేశ్వరం_1 = 11.75
ధవళేశ్వరం_2 = 13.75
ధవళేశ్వరం_3 = 17.75
భద్రాచలం_1 = 43
భద్రాచలం_2 = 48
భద్రాచలం_3 = 53
అడుగుకు_మీటర్లు = 0.3048

ఇక పట్టిక తయారు చేసే స్క్రిప్ట్ పైన ‘ఇంపోర్ట్ హద్దులు’ అని ఒక్క లైను రాస్తే చాలు. తర్వాత ఎక్కడ కావాలన్నా ‘హద్దులు.ధవళేశ్వరం_1’ అని వాడుకోవచ్చు. ఇంపోర్ట్, ఫ్రమ్ లాంటి భాష సొంత మాటలను మాత్రం కంప్యూటర్‌లో ఇంగ్లిష్ అక్షరాలతోనే కొట్టాలి, ఇక్కడ చదవడానికి వీలుగా తెలుగులో ఉన్నాయి.

పేరులో ఊరు ఎందుకు ఉండాలో కూడా పై లైన్లలోనే ఉంది. మొదటి హెచ్చరిక అన్న మాట భద్రాచలంలో 43 అడుగులు, ధవళేశ్వరంలో 11.75 అడుగులు. రెండు ఊళ్లకు రెండు ఫైళ్లు పెట్టి, రెండింట్లోనూ ‘మొదటి_హెచ్చరిక’ అనే పేరే వాడారనుకుందాం. రెండు ఫైళ్ల నుంచీ అన్ని పేర్లూ ఒకేసారి తెచ్చుకునే స్టార్ ఇంపోర్ట్ వాడితే, చివర వచ్చిన ఫైల్‌దే చెల్లుతుంది. భద్రాచలం ఫైల్ రెండోది అయితే ధవళేశ్వరం హెచ్చరిక మట్టం 43 అడుగులైపోతుంది. పైథాన్ ఒక్క మాట కూడా అనదు. ధవళేశ్వరంలో నీరు ఆ మట్టానికి ఎప్పటికీ చేరదు కాబట్టి స్క్రిప్ట్ ఎప్పటికీ హెచ్చరిక ఇవ్వదు. స్టార్ ఇంపోర్ట్ వద్దు అనడానికి ఇంతకంటే కారణం అక్కర్లేదు.

తెలుగు పేర్లతో మూడు జాగ్రత్తలు

ఒకటి. పైథాన్‌లో స్థిరాంకాలను అన్నీ పెద్ద అక్షరాలతో, అంటే క్యాపిటల్స్‌లో రాయడం ఆనవాయితీ. చూడగానే ఇది మార్చకూడనిది అని తెలుస్తుంది. తెలుగులో పెద్ద అక్షరాలు, చిన్న అక్షరాలు లేవు. కాబట్టి తెలుగు పేర్లు వాడితే ‘స్థిర_’ లాంటి ముందుమాట ఏదో ఒకటి టీమ్ అంతా కలిసి ఖాయం చేసుకోవాలి. లేదా స్థిరాంకాలన్నీ ఒక్క ‘హద్దులు’ ఫైల్‌లోనే ఉంటాయన్న నియమం పెట్టుకోవాలి.

రెండు. ‘ఫ్లడ్‌గేట్’ లాంటి మాటల్లో పొల్లు తర్వాతి అక్షరం కిందకు దిగిపోకుండా కీబోర్డు కంటికి కనిపించని ఒక అక్షరాన్ని మధ్యలో చేరుస్తుంది. పేరులో అది ఉంటే పైథాన్ ఒప్పుకోదు, ఎర్రర్ చూపించి ఆగిపోతుంది. స్క్రీన్ మీద తప్పేమీ కనిపించదు కాబట్టి గంటలు పోతాయి. అలాంటి మాటలను పేర్లుగా పెట్టకపోవడమే మంచిది.

మూడు. తెలుగు టైపింగ్ రాని వాళ్లు కూడా టీమ్‌లో ఉంటే పేర్లు ఇంగ్లిష్‌లో ఉండటమే మేలు. ఫైల్ పేర్లయితే ఎప్పుడూ ఇంగ్లిష్‌లోనే ఉంచుకోవాలి, సర్వర్లు మారినప్పుడు ఇబ్బంది రాదు. ఆ పేరు కూడా పైథాన్ సొంత మాడ్యూళ్ల పేరు కాకుండా చూసుకోవాలి. మీ ఫైల్‌కు ర్యాండమ్ అనో స్టాటిస్టిక్స్ అనో పేరు పెడితే, పైథాన్ తన మాడ్యూల్ బదులు మీ ఫైల్‌నే తెరుస్తుంది.

లక్షల్లో అంకె రాసేటప్పుడు కామా పెట్టొద్దు

క్యూసెక్కుల అంకెలు మన అలవాటు ప్రకారం 10,00,000 అని రాస్తాం. పైథాన్‌లో అలా రాస్తే అది పది లక్షలు కాదు. పది, సున్నా, సున్నా అనే మూడు అంకెల జాబితా అవుతుంది. రాసినప్పుడు ఎర్రర్ రాదు, దాన్ని ప్రవాహంతో పోల్చే సమయానికి ప్రోగ్రామ్ పడిపోతుంది. అంటే సరిగ్గా వరద రోజున.

కామా బదులు అండర్‌స్కోర్ పెట్టొచ్చు. 10_00_000 అని రాస్తే పైథాన్ 3.6 నుంచి పది లక్షలుగానే చదువుతుంది. లక్షలు, కోట్లు లెక్కపెట్టే మన పద్ధతిలోనే విడగొట్టుకోవచ్చు.

లెక్కలో వచ్చే అంకెను మళ్లీ రాయొద్దు

కాటన్ బ్యారేజీకి నాలుగు భాగాలున్నాయి. ధవళేశ్వరంలో 70 గేట్లు, ర్యాలిలో 43, మద్దూరులో 23, విజ్జేశ్వరంలో 39. మొత్తం 175. స్థిరాంకాల ఫైల్‌లో నాలుగు అంకెలూ రాసి, మొత్తాన్ని కూడికగానే రాయాలి. 175 అని విడిగా కొడితే, రేపు ఒక భాగం అంకె సరిచేసినప్పుడు మొత్తం పాతదే ఉండిపోతుంది.

అడుగులు, మీటర్ల దగ్గర ఇది ఇంకా ముఖ్యం. 11.75 అడుగులంటే 3.5814 మీటర్లు. దీన్ని కుదించి 3.58 మీటర్లు అని ఒక ఫైల్ దాచిందనుకుందాం. ఇంకో ఫైల్ దాన్ని తీసుకుని తిరిగి అడుగుల్లోకి మారిస్తే వచ్చేది సుమారు 11.745. అది 11.75 కంటే తక్కువ. నీరు హెచ్చరిక మట్టానికి చేరినా స్క్రిప్ట్ చేరలేదంటుంది. కాబట్టి పోలిక ఎప్పుడూ అసలు యూనిట్‌లో చేయాలి. కుదింపు తెర మీద చూపించే చివరి లైనులోనే ఉండాలి.

కేంద్ర జల సంఘం లెక్క చూసి కంగారుపడే వాళ్లూ ఉంటారు. ధవళేశ్వరంలో హెచ్చరిక మట్టం 14.25 మీటర్లు, ప్రమాద మట్టం 16.08 మీటర్లు అని ఆ సంస్థ చూపిస్తుంది. ఈ రెండింటి మధ్య తేడా 1.83 మీటర్లు, అంటే 6 అడుగులు. 11.75కు, 17.75కు మధ్య తేడా కూడా 6 అడుగులే. నీరు అదే, కొలత ఎక్కడి నుంచి మొదలవుతుందన్నదే తేడా. రెండు స్కేళ్ల అంకెలూ వాడాల్సి వస్తే పేరులోనే ఏది ఏ స్కేలో, ఏ యూనిట్టో తెలిసేలా రాయాలి. ఉత్త ‘మట్టం’ అనే పేరు ఎవరికీ ఏమీ చెప్పదు.

అంకెతో పాటు నియమాన్నీ పంచుకోవాలి

11.75 ఒక్కచోటే ఉన్నా, ‘కంటే ఎక్కువ’, ‘సమానం లేదా ఎక్కువ’ అన్న తేడా మూడు స్క్రిప్టుల్లో మూడు రకాలుగా ఉంటే ఇబ్బంది అలాగే ఉంటుంది. అందుకే నీటిమట్టం ఇస్తే ఎన్నో హెచ్చరికో చెప్పే చిన్న ఫంక్షన్ కూడా ఆ ఒక్క ఫైల్‌లోనే రాయాలి. సమానమైనా హెచ్చరికే అన్న నియమం అక్కడ ఒక్కసారి రాస్తే పట్టిక, స్క్రోలింగ్, అలర్ట్ మూడూ ఒకే మాట చెబుతాయి.

అయితే ఆ ఫంక్షన్ చెప్పేది లెక్క మాత్రమే. హెచ్చరిక జారీ చేసేది, ఉపసంహరించేది అధికారులు. మట్టం తగ్గిన నిమిషానికే ప్రకటన రావాలని లేదు. కాబట్టి ‘లెక్క ప్రకారం హెచ్చరిక’ వేరు, ‘అధికారులు ప్రకటించిన హెచ్చరిక’ వేరు. రెండింటికీ రెండు పేర్లు ఉండాలి. జనానికి చూపించేది రెండోదే.

పైథాన్‌లో నిజమైన తాళం లేదు

జావాస్క్రిప్ట్‌లో కాన్‌స్ట్ అని ప్రకటిస్తే ఆ పేరుకు ఇంకో విలువ ఇవ్వనివ్వదు. పైథాన్‌లో అలాంటి కీవర్డ్ లేదు. ఏ ఫైల్ అయినా ‘హద్దులు.ధవళేశ్వరం_1 = 12’ అని రాస్తే మారిపోతుంది. అదే ప్రోగ్రామ్‌లో హద్దులు ఫైల్‌ను వాడుతున్న మిగతా వాళ్లందరికీ ఇక 12 అనే కనిపిస్తుంది.

పైథాన్ 3.8లో ఫైనల్ అనే గుర్తు వచ్చింది. పేరు పక్కన అది పెడితే, మైపై లాంటి పరిశీలన టూల్స్, కొన్ని ఎడిటర్లు ఇది మార్చకూడనిది అని ముందే పట్టిస్తాయి. కానీ ప్రోగ్రామ్ నడుస్తున్నప్పుడు అది అడ్డుపడదు. గట్టి తాళమే కావాలంటే అంకెలను ఈనమ్‌గానో, ఫ్రోజెన్ డేటాక్లాస్‌గానో పెట్టొచ్చు. ఆ గుంపు లోపలి విలువను మార్చబోతే పైథాన్ ఎర్రర్ ఇస్తుంది. చిన్న పనులకు మాత్రం ఒక ఫైల్, ఒక నియమం చాలు. ఆ ఫైల్‌ను ఇంపోర్ట్ చేసుకునే వాళ్లు చదవాలే తప్ప అందులో రాయకూడదు.

రెండు రకాల ఇంపోర్ట్, రెండు రకాల ఫలితం

తెలిసినట్టే ఉండి ముంచేది ఇదే. ‘ఇంపోర్ట్ హద్దులు’ అని రాస్తే ఫైల్ మొత్తానికి ఒక దారి దొరుకుతుంది. ‘హద్దులు.ధవళేశ్వరం_1’ అన్న ప్రతిసారీ ఆ ఫైల్‌లోకి వెళ్లి ఇప్పుడున్న విలువను చూస్తుంది. ‘ఫ్రమ్ హద్దులు ఇంపోర్ట్ ధవళేశ్వరం_1’ అని రాస్తే, ఆ క్షణంలో ఉన్న విలువకు మన ఫైల్‌లో కొత్త పేరు తగిలిస్తుంది. తర్వాత అసలు ఫైల్‌లో పేరుకు వేరే విలువ ఇచ్చినా మన దగ్గర పాతదే ఉంటుంది.

నిజంగా మారని స్థిరాంకాలకు రెండు పద్ధతులూ ఒకటే. మారే విలువను రెండో పద్ధతిలో తెచ్చుకుంటే ఉదయం 9 గంటల మట్టమే సాయంత్రం దాకా కనిపిస్తుంది. జావాస్క్రిప్ట్ మాడ్యూళ్లలో ఇలా ఉండదు. అక్కడ ఇంపోర్ట్ చేసిన పేరు అసలు ఫైల్‌లో మారిన విలువనే చూపిస్తుంది. ఒక భాష నుంచి ఇంకో భాషకు వచ్చిన వాళ్లు తడబడేది ఇక్కడే.

ఇంకో సంగతి. ఒక ప్రోగ్రామ్‌లో ఎన్ని ఫైళ్లు ఇంపోర్ట్ చేసినా పైథాన్ ‘హద్దులు’ ఫైల్‌ను ఒక్కసారే నడిపి గుర్తుపెట్టుకుంటుంది. అందుకే అందరికీ అదే కాపీ దక్కుతుంది. దీని రెండో వైపు కూడా తెలుసుకోవాలి. రోజుల తరబడి నడిచే ప్రోగ్రామ్ ఉంటే, ఫైల్‌లో అంకె సరిచేసి సేవ్ చేసినంత మాత్రాన అది మారదు. ప్రోగ్రామ్‌ను ఆపి మళ్లీ మొదలుపెట్టాలి.

గంటగంటకూ మారే అంకె సంగతి

ఇప్పుడు అసలు చిక్కు. నీటిమట్టం తెచ్చే స్క్రిప్ట్ ఒకటి, దాన్ని చూపించే స్క్రిప్ట్ ఇంకొకటి. మొదటిది ‘స్థితి.నీటిమట్టం = 12.1’ అని రాస్తే రెండోదానికి అందుతుందా? రెండూ ఒకే ప్రోగ్రామ్‌లో భాగాలైతే అందుతుంది. రెండూ విడివిడిగా, టైమ్ ప్రకారం నడిచే స్క్రిప్టులైతే అందదు. ప్రతి ప్రోగ్రామ్‌కూ తన మెమరీ తనదే. రెండు ఇళ్లలో రెండు క్యాలెండర్లు ఉన్నట్టు. ఒక ఇంట్లో పేజీ చించితే ఇంకో ఇంట్లో చిరగదు. వెబ్ సర్వర్ ఒకే సైట్‌ను నాలుగు వర్కర్లతో నడుపుతుంటే ఆ నాలుగింటికీ నాలుగు కాపీలు ఉంటాయి. పేజీ రిఫ్రెష్ చేసిన ప్రతిసారీ ఒక్కో మట్టం కనిపించడానికి ఇదే కారణం.

అందుకే మారే విలువను అందరూ చదవగలిగే చోట పెట్టాలి. చిన్న పనికి జేసన్ ఫైల్ చాలు. ఎక్కువ స్క్రిప్టులుంటే ఎస్‌క్యూలైట్ డేటాబేస్ మంచిది, పైథాన్‌తో పాటే వస్తుంది. ఇక్కడ మూడు నియమాలు పాటించాలి.

మొదటిది, రాసేది ఒక్క స్క్రిప్టే. మిగతావన్నీ చదివేవే. ఇద్దరు రాస్తే ఎవరిది ఎప్పుడు మిగిలిందో తెలియదు.

రెండోది, జేసన్ ఫైల్‌ను నేరుగా తిరగరాయొద్దు. సగం రాసిన సమయంలో ఇంకో స్క్రిప్ట్ తెరిస్తే సగమే దొరుకుతుంది. పక్కన ఇంకో పేరుతో పూర్తిగా రాసి, ఆ తర్వాత పేరు మార్చి అసలు దాని స్థానంలో పెట్టాలి. పైథాన్‌లో దీనికి రీప్లేస్ అనే ఫంక్షన్ ఉంది.

మూడోది, విలువతో పాటు సమయం ఉండాలి. 12.1 అడుగులు అని మాత్రమే ఉంటే అది ఇప్పటిదో నిన్నటిదో చదివే స్క్రిప్ట్‌కు తెలియదు. మట్టం తెచ్చే స్క్రిప్ట్ రాత్రి 2 గంటలకు ఆగిపోతే, చూపించే స్క్రిప్ట్ తెల్లవార్లూ పాత మట్టమే చూపిస్తూ ఉంటుంది. ఎన్ని గంటలు దాటితే పాతదని చెప్పాలో ఆ హద్దు కూడా ‘హద్దులు’ ఫైల్‌లోనే రాసుకోవాలి. అది దాటితే అంకె బదులు ‘తాజా సమాచారం అందలేదు’ అని చూపించాలి.

టైమ్ ప్రకారం క్రాన్ నడిపే స్క్రిప్టుల దగ్గర ఇంకో చిక్కు ఉంది. ఇంపోర్ట్ బాగానే జరుగుతుంది, ఎందుకంటే పైథాన్ స్క్రిప్ట్ ఉన్న ఫోల్డర్‌లోనే మాడ్యూల్‌ను వెతుకుతుంది. జేసన్ ఫైల్ మాత్రం దొరకదు, ఎందుకంటే క్రాన్ వేరే ఫోల్డర్ నుంచి మొదలవుతుంది. కాబట్టి ఆ ఫైల్ పూర్తి చిరునామా కూడా ఒక స్థిరాంకమే.

ఊరి పేరు, జిల్లా పేరు కూడా పంచుకోవాల్సినవే

స్థిరాంకం అంటే అంకెలే కావాలని లేదు. ఒక స్క్రిప్ట్‌లో రాజమండ్రి, ఇంకోదానిలో రాజమహేంద్రవరం అని ఉంటే కంప్యూటర్‌కు అవి రెండు ఊళ్లు. 2015లో అధికారికంగా పేరు రాజమహేంద్రవరం అయినా వాడుకలో రెండూ ఉన్నాయి. ధవళేశ్వరాన్ని దౌలేశ్వరం అని రాసే వాళ్లూ ఉన్నారు. స్క్రిప్టుల మధ్య తిరిగేది పేరు కాకుండా మారని ఒక చిన్న కోడ్ కావాలి. చూపించాల్సిన పేరు ఆ కోడ్ పక్కన, ఒక్కచోట ఉండాలి.

జిల్లాల విషయంలో ఇది బాగా తెలిసొచ్చింది. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయ్యాయి. పాత తూర్పు గోదావరి నుంచి కాకినాడ, కోనసీమ జిల్లాలు విడిగా ఏర్పడ్డాయి. పాత పశ్చిమ గోదావరి నుంచి ఏలూరు జిల్లా వచ్చింది, పశ్చిమ గోదావరికి భీమవరం కేంద్రమైంది. అదే ఏడాది కోనసీమ పేరు డాక్టర్ బీఆర్ అంబేద్కర్ కోనసీమ జిల్లాగా మారింది. జిల్లా పేరును ప్రతి ఫైల్‌లో కొట్టుకున్న వాళ్లు ప్రతి ఫైల్ తెరవాలి. ఒక్కచోట పెట్టుకున్న వాళ్లకు ఒక్క ఫైల్‌తో పని అయిపోతుంది. స్థిరాంకం అంటే ఎన్నటికీ మారనిది అని అర్థం కాదు. మారాల్సి వస్తే ఒక్కచోటే మార్చగలిగేది అని అర్థం.

ఆ ఫైల్‌లో ఉండకూడనివి

పాస్‌వర్డ్‌లు, ఎస్‌ఎంఎస్ పంపే సంస్థ ఇచ్చిన రహస్య కీలు స్థిరాంకాల ఫైల్‌లో పెట్టొద్దు. ఆ ఫైల్ అందరి చేతుల్లోకీ వెళ్తుంది. వాటిని సర్వర్‌లో ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్‌గా ఉంచి, ప్రోగ్రామ్ నడిచేటప్పుడు చదువుకోవాలి.

ఆ ఫైల్ టీమ్ రాసిన ఇంకే ఫైల్‌నూ ఇంపోర్ట్ చేసుకోకూడదు కూడా. హద్దులు ఫైల్ పట్టిక ఫైల్‌ను, పట్టిక ఫైల్ హద్దులు ఫైల్‌ను పిలిస్తే రెండూ ఒకదాని కోసం ఒకటి చూస్తూ మధ్యలో ఎర్రర్‌తో ఆగిపోవచ్చు. నీరు పైనుంచి కిందకే పారాలి.

వేరే భాషల్లో ఎలా?

పీహెచ్‌పీలో కాన్‌స్ట్ లేదా డిఫైన్‌తో స్థిరాంకాలు ప్రకటించి, ఆ ఫైల్‌ను రిక్వైర్ వన్స్‌తో మిగతా ఫైళ్లలోకి తెచ్చుకుంటారు. ఒకసారి ప్రకటించాక వాటిని మార్చడం కుదరదు. జావాస్క్రిప్ట్‌లో ఎక్స్‌పోర్ట్ కాన్‌స్ట్ అని రాసి, కావాల్సిన చోట ఇంపోర్ట్ చేసుకుంటారు. లినక్స్ బాష్ స్క్రిప్టుల్లో సోర్స్ అనే కమాండ్ ఒక ఫైల్‌లోని వేరియబుల్స్‌ను ఇప్పుడు నడుస్తున్న స్క్రిప్ట్‌లోకి తెస్తుంది. ఎక్స్‌పోర్ట్ చేసిన విలువ అక్కడి నుంచి మొదలయ్యే ప్రోగ్రాములకు అందుతుంది, కానీ ఆ ప్రోగ్రామ్ దాన్ని మార్చినా తిరిగి వెనక్కి రాదు. పద్ధతులు వేరైనా సూత్రం అదే.

పాత స్క్రిప్టులను సరిచేయాలంటే

ఇప్పటికే నడుస్తున్న స్క్రిప్టులు ఉంటే ఒక్కరోజులో అన్నీ తిరగరాయక్కర్లేదు. ఈ వరసలో వెళ్తే చాలు.

1. అన్ని ఫైళ్లలో 11.75, 13.75, 17.75 అని వెతకాలి. ఎన్నిచోట్ల ఉన్నాయో, ఎక్కడైనా తేడా ఉందో రాసుకోవాలి.

2. ‘హద్దులు’ ఫైల్ చేసి, అధికారిక అంకెలతో సరిపోల్చి ఒక్కసారి రాయాలి. పక్కన యూనిట్, ఆ అంకె ఎక్కడి నుంచి వచ్చిందో కామెంట్‌గా పెట్టాలి.

3. ఒక్కో స్క్రిప్ట్‌లో అంకె తీసేసి ఇంపోర్ట్ పెట్టాలి. ఒకటి సరిగ్గా నడిచాకే రెండోది ముట్టుకోవాలి.

4. చిన్న పరీక్ష రాయాలి. ప్రతి ఊరికీ మొదటి హెచ్చరిక రెండోదానికంటే, రెండోది మూడోదానికంటే తక్కువగా ఉండాలి. మట్టం 11.74 ఇస్తే హెచ్చరిక లేదని, 11.75 ఇస్తే మొదటిదని రావాలి.

5. ఈ పనంతా వేసవిలోనే ముగించాలి. వరద వచ్చాక ఫైళ్లు మార్చడం గండి పడ్డాక గట్టు వేసినట్టే.

1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర ప్రవాహం సుమారు 35 లక్షల క్యూసెక్కులకు చేరింది. 2022 జులైలో 25 లక్షలు దాటింది, భద్రాచలంలో నీటిమట్టం 71 అడుగులు దాటింది. అలాంటి రాత్రి ఎవరూ కూర్చుని ఏ ఫైల్‌లో ఏ అంకె ఉందో వెతకలేరు. 11.75 ఒక్కచోట ఉంటే వెతకాల్సిన అవసరమే రాదు.